పచ్చి మాంసం తినేది కుక్క, ముప్పు ఇంటిల్లిపాదికీ

సంపాదకులకు,

కుక్కలకూ పిల్లులకూ పచ్చి మాంసం పెట్టడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ‘తోడేలు వండుకు తింటుందా?’ అన్న ప్రశ్న చుట్టూనే వ్యాసమంతా తిరిగింది. తినే జంతువు గురించే చెప్పి, దాని గిన్నె కడిగే మనిషిని వదిలేశారు.

ముందు తోడేలు సంగతి. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలుకు 2 ప్రతులుంటే, చాలా కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉందని 2013లోనే తేల్చారు. వేల ఏళ్లు మనిషి ఎంగిలి తిని బతికిన ప్రాణి మరి! పిల్లి అలా కాదు, పక్కా మాంసాహారి. కానీ మాంసాహారి అంటే ఉత్త కండ తినేదని కాదు. వేటాడిన ఎలుకను అది ఎముకలతో, పేగులతో సహా తింటుంది.

చిక్కంతా ఇక్కడే. ఎముక లేని మాంసంలో కాల్షియం కంటే భాస్వరం 15, 20 రెట్లు ఎక్కువ. ఎదిగే కూనకు కాల్షియమే కాస్త ఎక్కువ కావాలి. తిండిలో దొరక్కపోతే ఒంట్లోని ఎముకల నుంచే లాక్కుంటుంది. చూడటానికి బొద్దుగానే ఉంటుంది, సోఫా మీంచి దూకితే కాలు విరుగుతుంది. మంచిదని రోజూ కాలేయం పెడితే విటమిన్ ‘ఎ’ మితిమీరి పిల్లి మెడ ఎముకలు అతుక్కుపోతాయి, ఒళ్లు నాక్కోవడానికి కూడా తల తిప్పలేదు.

డబ్బా తిండిని నమ్మనివారిని నేను తప్పుపట్టను. 2007లో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిసిన సరుకు తిని ఎన్నో జంతువులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. అంతకుముందు, పిల్లి గుండెకు అవసరమైన టారిన్ అనే పోషకం చాలినంత లేని బజారు తిండితోనే వాటి గుండెలు దెబ్బతిన్నాయని 1987లో బయటపడింది. పచ్చి మాంసం జంతువులు ఇష్టంగా తింటాయి, మలం తగ్గుతుంది. అదీ నిజమే.

అయితే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010-12 మధ్య పెంపుడు జంతువుల పచ్చి ఆహార నమూనాలు 196 పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా అనే రోగకారక క్రిములు కనిపించాయి. ఫ్రీజర్‌లో పెడితే ఇవి చావవు, నిద్రపోతాయంతే. 2024 డిసెంబరులో అదే దేశంలో ఘనీభవించిన పచ్చి టర్కీ మాంసం తిన్న ఓ పిల్లి బర్డ్‌ఫ్లూతో చనిపోతే ఆ సరుకును వెనక్కి రప్పించారు. కుక్క విషయం ఇంకా తిరకాసు. సాల్మొనెల్లా కడుపులో పెట్టుకుని హుషారుగానే తిరుగుతుంది. మలంలో వదులుతుంది, ఆ నోటితోనే పిల్లాడి మొహం నాకుతుంది. దాని గిన్నె మన పళ్లేలు కడిగే సింకులోనే పడుతుంది.

అయినా నిషేధం అడగను. ప్యాకెట్ మీద రెండు మాటలు పెద్దక్షరాల్లో ఉండేలా నిబంధన తేవాలి. ఇది సంపూర్ణ ఆహారమా, వేరే తిండికి తోడుగా పెట్టేదా? క్రిములను చంపే అధిక పీడన ప్రక్రియ చేశారా, లేదా? ‘సహజం’ అన్న అట్టహాసపు మాట ఎంత చిన్నగా వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పశువైద్యులు కూడా విరేచనాలతో వచ్చిన కుక్క యజమానిని ఏం పెడుతున్నారో ముందే అడగాలి.

ఇక ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు, వృద్ధులు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు ఎవరున్నా ఆ మాంసాన్ని ఉడికించే పెట్టండి. ఎముకలు మాత్రం అందులో వేయకండి, ఉడికిన ఎముక ముక్కలుగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉడికించిన తిండికి ఏమేం కలపాలో పశువైద్యుణ్ణి అడిగి రాయించుకోండి.

– ఒక పాఠకురాలు