జవాను సమన్లు ఇంటి తలుపుకి అంటిస్తే ఎలా?

సంపాదకులకు,

ప్రామిసరీ నోటు దావాల్లో, ఆస్తి పంపకాల దావాల్లో ప్రతివాది ఆర్మీలో ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. దావా కాగితంలో మాత్రం 'ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా గ్రామం' అని ఉంటుంది. కోర్టు కాగితాలు అందజేసే ప్రాసెస్ సర్వర్ ఆ ఊరు వెళ్తాడు. కుర్రాడు లేహ్‌లోనో తేజ్‌పూర్‌లోనో డ్యూటీలో ఉంటాడు. తండ్రి సంతకం పెట్టనంటాడు. సమన్ల ప్రతిని తలుపుకి అంటించి, ఇల్లు చూపించినవాడి పేరు రాసుకుని రిటర్న్ (ఏం చేశాడో కోర్టుకి చెప్పే నివేదిక) దాఖలు చేస్తాడు. రెండు వాయిదాలు తిరిగేసరికి ప్రతివాది ఎక్స్‌పార్టీ (హాజరు కానివాడు), ఆపైన డిక్రీ, అంటే అతని మీద తీర్పు. సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం ఉన్న పశ్చిమ గోదావరిలోనూ ఇలా జరగడం ఏం బాగుంటుంది?

తప్పు ప్రాసెస్ సర్వర్‌ది కాదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వడం, తీసుకోకపోతే తలుపుకి అంటించడం సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరులో 15, 17 నియమాలు చెప్పినవే. కానీ సైనికుడు, నావికుడు, వైమానిక దళంవాడు ప్రతివాది అయితే అదే ఆర్డరులో 28వ నియమం విడిగా ఉంది. సమన్లు అతని కమాండింగ్ ఆఫీసరుకి పంపాలి, ప్రతివాది దగ్గర ఉంచుకోవడానికి ఒక ప్రతి జతచేయాలి. 'పంపాలి' అనే ఉంది, 'పంపవచ్చు' అని కాదు. ఆ ఆఫీసరు ప్రతివాది సంతకంతో రసీదు తిప్పి పంపాలి. అందజేయడం కుదరకపోతే కారణం రాసి పంపాలి. 29వ నియమం అదే.

చిక్కంతా చిరునామాలో ఉంది. జవాను నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పేరు, 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) లేదా 99 ఏపీవో, 9తో మొదలయ్యే పిన్‌కోడ్ ఇవన్నీ కావాలి. 'మద్రాస్ రెజిమెంట్' అని ఊరుకుంటే చాలదు, అందులో బెటాలియన్లు చాలా ఉంటాయి. యూనిట్ తెలియకపోతే నంబరు పట్టుకుని ఆ విభాగం రికార్డ్స్ ఆఫీసుకి రాయాలి: ఈఎంఈకి (సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్. కవరు మీద జవాను పేరు కాదు, 'కమాండింగ్ ఆఫీసర్' అని రాయాలి. ప్రైవేటు కొరియర్ ఏపీవోకి వెళ్లదు, తపాలా శాఖ ద్వారానే పంపాలి. బ్యాటా (సమన్ల ఖర్చు) కట్టేటప్పుడే వాదికి ఈ మాట చెప్పాలి.

ఎవరికీ తట్టని సంగతి ఇంకొకటి ఉంది. తెలుగులో రాసిన సమన్లు పంజాబ్‌లోని యూనిట్ ఆఫీసుకి చేరితే అక్కడి క్లర్కు ఏం చదువుతాడు? ఇంగ్లీషు అనువాదం జతచేయకపోతే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. వాయిదా కూడా పదిహేను రోజులకి వేస్తే లాభం లేదు. కాగితం ముందు యూనిట్‌కి, అక్కణ్నుంచి కొండ మీది పోస్టుకి వెళ్లి, రసీదు అదే దారిన తిరిగి రావాలి. కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. జవాబు దాఖలుకి ముప్పై రోజుల లెక్క సమన్లు అందిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి రసీదు మీద తేదీ ఉండి తీరాలి.

ఇదంతా వాదికీ మేలే. సమన్లు సరిగా అందలేదని తేలితే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ముప్పై రోజుల్లోగా ప్రతివాది దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. అప్పుడు మూడేళ్ల తిరుగుడు మళ్లీ మొదటికి వస్తుంది. డిక్రీ నిలిచినా అమలులో చాలామంది బోల్తా పడతారు. ఆర్మీ చట్టం (1950) 28వ సెక్షన్ ప్రకారం జవాను జీతభత్యాలు సివిల్ డిక్రీ కింద జప్తు కావు. 29వ సెక్షన్ ప్రకారం అప్పు కోసం అతన్ని అరెస్టు చేయడానికి వీల్లేదు. అరెస్టు వారంటుకి కట్టిన బ్యాటా వృథా. జప్తు చేయాలంటే భూమి లాంటి వేరే ఆస్తి చూసుకోవాలి. జవానుకీ ఒక వెసులుబాటు ఉంది. దావా కోసం సెలవు అడిగినట్టుగానీ దొరికినట్టుగానీ సైనికాధికారి సర్టిఫికెట్ పెడితే, ఆ సెలవులోపే విచారణ ముగించడానికి కోర్టు వీలైనంతవరకు ఏర్పాటు చేయాలి. అది 32వ సెక్షన్. వకీళ్లే దీన్ని వాడుకోవడం తక్కువ.

ఇక ఎదురు దిశ, అంటే సైన్యం నుంచి మనవైపు వచ్చే సమన్లు. సైనిక న్యాయస్థానమైన కోర్టు మార్షల్‌కి కాగితాలు అందజేసే మన అమీనా లాంటి మనిషి ఉండడు. పౌరుడు సాక్షిగా కావాలంటే ఆర్మీ చట్టం 135వ సెక్షన్ కింద సమన్లు ఆ ప్రాంతపు మేజిస్ట్రేటుకి పంపుతారు. తన కోర్టుకే ఆ సాక్షి కావాలన్నట్టు ఆయన వాటిని అమలు చేయాలి. సైనికుడే సాక్షి అయితే అతని కమాండింగ్ ఆఫీసరు అందజేస్తాడు. ఇక్కడ జరిగే లోపం చిన్నది, నష్టం పెద్దది. ఆ కాగితం మీద మన కోర్టు కేసు నంబరు ఉండదు, ఏ రిజిస్టరులో ఎక్కించాలో తెలియక బల్ల మీద ఆగిపోతుంది. పంపేవాళ్లు మండలం, పోలీస్ స్టేషన్ పేరు రాయకపోతే మరో వారం పోతుంది. సాక్షులకీ ఒక మాట చెప్పాలి: ఆ సమన్ల మీద వెళ్లివచ్చేదాకా సివిల్, రెవెన్యూ అరెస్టు నుంచి రక్షణ ఉంది. భయపడి ఎగ్గొట్టనక్కర్లేదు.

దావా పరిశీలించే గుమస్తా దగ్గరుండే చెక్‌స్లిప్పులో 'ప్రతివాది సాయుధ దళాల్లో ఉన్నాడా? నంబరు, యూనిట్?' అని ఒక గడి చేర్చమని జిల్లా జడ్జీలను కోరుతున్నాను. ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడని వాదికి తెలిస్తే ఆ విషయం దావాలోనే చెప్పాలని 1925 నాటి సైనికుల దావాల చట్టం ఎప్పుడో చెప్పింది. కోర్టు మార్షల్ సమన్లకి మేజిస్ట్రేటు కోర్టుల్లో విడిగా ఒక రిజిస్టరు పెట్టాలి.

– విశ్రాంత నాజరు (కోర్టులో సమన్లు పంపే విభాగం చూసినవాడు),
తాడేపల్లిగూడెం