డ్రమ్ము ముచ్చట

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టుకోకు, బతుకమ్మ పండుగకు ముందే ఇంటికి సున్నం వేయించాలని అమ్మ పట్టుబట్టింది. ఇనుప డ్రమ్ము వెతికే ఓపిక లేక కొత్త ప్లాస్టిక్ డ్రమ్ములో సున్నపు గడ్డలు వేసి నీళ్లు పోశాను. పొయ్యి లేదు, మంట లేదు, కాసేపటికే కుతకుత ఉడకసాగింది! డ్రమ్ము ఒక పక్కకు బానపొట్టలా ఉబ్బి మెత్తబడిపోయింది.

అక్క కూతురు ఏడో తరగతి పుస్తకం చేతిలో పట్టుకునే వచ్చింది. "మామయ్యా, ఇది భౌతిక మార్పా, రసాయనిక మార్పా?"

డ్రమ్ముది భౌతికం అన్నాను. ఆకారం పోయింది గాని ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే ఉంది. లోపలిది రసాయనికం. కాల్షియం ఆక్సైడ్ నీళ్లతో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, ఆ వేడి అందులోంచి పుట్టిందే. అక్కడితో ఆగి ఉంటే పరువు దక్కేది. పాండిత్యం పొంగి మొత్తం కథ ఎత్తుకున్నాను. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది, మిగిలే 56 కిలోలే మనం కొనే గడ్డలు. గోడకు పూసిన సున్నం ఆ వాయువునే గాలిలోంచి మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే గనిలో ఉన్నప్పటి రాయే!

"వెనక్కి వచ్చేసింది కదా! రసాయనిక మార్పు వెనక్కి రాదని మా సారు చెప్పారే?"

నోట మాట రాలేదురా. మనమూ అదే సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. కాగితం చింపితే అది వెనక్కి వస్తుందా? రాదు, అయినా భౌతిక మార్పే. కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

కొన్నిచోట్ల రెండూ ఒకేసారి జరుగుతాయనుకో. పెంబర్తి నుంచి తెచ్చిన మా ఇత్తడి దీపం గుర్తుందా? రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 907 దగ్గరే మరిగిపోతుంది. అందుకే ఇత్తడి కోసం ఈ రెండూ కలిపి కరిగించేటప్పుడు కొంత జింకు ఆవిరై, గాలి తగలగానే మండి తెల్లని పొగగా లేస్తుంది. కరగడం, ఆవిరవడం భౌతికం, మండడం రసాయనికం. ఇక ఆ దీపానికి పట్టిన చిలుమును అమ్మ చింతపండుతో తోమి వదిలిస్తుందే, అదీ రసాయనమే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. ఈ మాట అమ్మతో అంటే, "అయితే నువ్వే తోము" అని దీపం నా చేతిలో పెట్టింది.

సగం గోడలకే సున్నం పడింది. ఎల్లుండి వస్తావుగా, మీ ఇంట్లో ఉన్న ఆ పాత ఇనుప బకెట్లు రెండూ పట్టుకురా. డ్రమ్ము ఊసు మాత్రం అమ్మ ముందు ఎత్తకు.

నీ,
రవి