వెనక పేరు లేకుండా వచ్చిన మెస్సీ జెర్సీ గురించి, 64 రోజులుగా పలకని మీ కస్టమర్ కేర్ గురించి

హనుమకొండ,
30 అక్టోబర్ 2021

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ పేరుతో రాయాలనుకున్నాను. మీ పేరేమిటని ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగాను, ఒక్కరూ చెప్పలేదు. అందుకే హోదాతో సరిపెడుతున్నాను. జెర్సీ గుడ్డ బాగుంది, కుట్టు బాగుంది, సైజు సరిపోయింది. వాటి గురించి నాకేం పేచీ లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం మీరు నాతో ప్రవర్తించిన తీరు.

ఆగస్టు 3, మంగళవారం, మీ సైట్‌లో స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ బార్సిలోనా కొత్త సీజన్ జెర్సీ ఆర్డర్ పెట్టాను. జెర్సీకి రూ.4,495, వెనక మెస్సీ పేరు, 10 నంబరు ప్రింట్ చేయడానికి ఇంకో రూ.500. మొత్తం అప్పుడే కట్టేశాను. అది మా నాన్న కోసం. నాన్న కాజీపేట రైల్వేలో 36 ఏళ్లు పనిచేసి ఆగస్టు 31న రిటైర్ అయ్యారు. వయసులో ఉన్నప్పుడు రైల్వే గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడిన మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మ్యాచ్ చూడటం నేర్పింది కూడా ఆయనే. 2009లో రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద మెస్సీ గాల్లోకి లేచి తలతో గోల్ కొట్టినప్పుడు ఇక్కడ రాత్రి ఒంటిగంట దాటింది. నాన్న అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు ఏమైందోనని వచ్చి తలుపు కొట్టారు. రిటైర్మెంట్ రోజు సాయంత్రం శాలువాలు, దండలు అయ్యాక ఈ జెర్సీ వేసుకుని ఫొటో దిగుతానని నెల ముందే చెప్పి పెట్టుకున్నారు.

ఆర్డర్ పెట్టిన రెండు రోజులకి, ఆగస్టు 5 రాత్రి, మెస్సీ ఇక తమతో ఉండడని క్లబ్ ప్రకటించింది. పదమూడేళ్ల పిల్లాడిగా వెళ్లి, 778 మ్యాచ్‌లు ఆడి, 672 గోల్స్ కొట్టినవాడు. జూన్ 30తో కాంట్రాక్టు అయిపోయినా, కొత్తది రాసుకుంటారనే అందరం నమ్మాం. జీతం సగానికి తగ్గించుకోవడానికి కూడా ఒప్పుకున్నానని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా కుదరలేదు.

మా ఫ్రెండ్స్ మధ్య ఆ వారమంతా ఇదే గొడవ. తప్పంతా పాత ప్రెసిడెంట్ బార్తొమేయుదేనని ఒకడు. కౌతిన్యో, దెంబెలే, గ్రీజ్‌మన్... ఒక్కొక్క ఆటగాడికీ పది కోట్ల యూరోలకు పైగా పోసి కొని, జీతాలు పెంచుకుంటూ పోతే ఇలాగే అవుతుందని వాడి వాదన. క్లబ్ ఆడే స్పెయిన్ లీగ్ పెట్టిన జీతాల పరిమితి కాస్త సడలిస్తే ఏం పోయేదని ఇంకొకడు. లీగ్ ద్వారా వచ్చే పెట్టుబడి డబ్బు తీసుకుని ఉంటే మెస్సీ ఉండేవాడు కదా, కొత్త ప్రెసిడెంట్ లపోర్తా ఎందుకు వద్దన్నాడని మరొకడు. ఆ డబ్బు తీసుకుంటే టీవీ హక్కుల్లో వాటా 50 ఏళ్లు వదులుకోవాలి, అది క్లబ్బుని తాకట్టు పెట్టడమేనని లపోర్తా అన్నాడు. అంత ప్రేమ ఉంటే మెస్సీ ఉచితంగా ఆడొచ్చుగా అన్నవాళ్లూ ఉన్నారు. ఈ నెల మొదట్లో లపోర్తా కూడా అలాంటి మాటే అన్నాడు, ఉచితంగా ఆడతానంటాడేమోనని ఆశపడ్డానని. అది విని నాన్నకి బాగా కోపమొచ్చింది. "జీతం లేకుండ డ్యూటీకి రమ్మని ఎవర్నన్న అడుగుతరా బిడ్డా? ఇన్నేండ్లు చేసినోన్ని అడిగే మాటేనా అది?" అన్నారు. యూనియన్‌లో తిరిగిన మనిషి కదా. నేనూ నాన్న వైపే. పాత మేనేజ్‌మెంట్ చేసిన అప్పులకి శిక్ష మెస్సీకీ మాకూ పడింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఆ క్లబ్ మా గుండె కోసింది, నిజమే. కానీ మర్నాడే లపోర్తా విలేకరుల ముందుకొచ్చి కూర్చున్నాడు. మెస్సీ ఉంటే జీతాలు ఆదాయంలో 110 శాతం అవుతాయని, లేకపోయినా 95 శాతం ఉన్నాయని లెక్క చెప్పాడు. ఆగస్టు 8న మెస్సీ క్లబ్ స్టేడియం కాంప్ నౌలో మైకు ముందు నిలబడి, మాట రాక, భార్య అందించిన టిష్యూతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ కారణాలు నాకు నచ్చలేదు. కానీ ఎదురుగా వచ్చి చెప్పారు. ఐదు వందల రూపాయల ప్రింట్ గురించి మీ కంపెనీలో ఒక్క మనిషి కూడా నాకు ఆ మాత్రం చెప్పలేకపోయాడు.

ఆగస్టు 6 ఉదయమే మీకు ఫోన్ చేశాను. ఆర్డర్ రద్దు చేయమని చేశాననుకున్నారు మీ అమ్మాయి. కాదమ్మా, పేరు మార్చకుండా మెస్సీ అనే ప్రింట్ చేయండి, ఇక మీదట ఆ పేరుతో ఈ జెర్సీ దొరకదు, అందుకే నాకది ఇంకా ఎక్కువ కావాలి అని చెప్పాను. "తప్పకుండా మేడమ్, మీ ఆర్డర్ ప్రింటింగ్‌లోనే ఉంది, టెన్షన్ పడకండి" అంది. ఆ మాట నాన్నకి కూడా చెప్పాను. ఈ 64 రోజుల్లో నాకు ఎక్కువ కష్టం కలిగించింది ఆ ఒక్క మాటే.

ఆగస్టు 27, శుక్రవారం మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. నాన్నే విప్పారు. ముందు వైపు చూసి మురిసిపోయి, వెనక్కి తిప్పారు. ఏమీ లేదు. చారల గుడ్డ మీద అరచేత్తో ఒకసారి పైనుంచి కిందికి రాశారు, పొరపాటున చూపు ఆనలేదేమో అన్నట్టు. కవర్లో ఒక చీటీ ఉంది. అందులో మెస్సీ, 10 అని రాసి, ఎదురుగా పెన్నుతో టిక్కు కొట్టి ఉంది. అంటే మీ దగ్గర ఎవరో ఆ జెర్సీని చూసి, ప్రింట్ ఉందని టిక్కు పెట్టి, ఖాళీ జెర్సీ మడిచి పంపారు. "ఏం గాదులే బిడ్డా" అన్నారు నాన్న. ఆయన అలా అంటే ఏదో అయిందనే అర్థం.

వెంటనే ఫోన్ చేస్తే 22 నిమిషాలు మ్యూజిక్ వినిపించారు. తర్వాత లైన్‌లోకి వచ్చినాయన "ఆ ప్లేయర్ ఇప్పుడు టీమ్‌లో లేరు మేడమ్, లేని ప్లేయర్ పేరు ప్రింట్ చేయకూడదని పైనుంచి చెప్పారు" అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదు, రూ.500 ఎందుకు ఉంచుకున్నారు అంటే, "సిస్టమ్‌లో ప్రింట్ అయినట్టు ఉంది మేడమ్" అన్నారు. ప్రింట్ చేయకూడదన్నదీ ఆయనే, ప్రింట్ అయిందన్నదీ ఆయనే, ఒకే ఫోన్ కాల్‌లో. ఫొటోలు పంపమన్నారు, పంపాను. ఆగస్టు 30న మెయిల్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలకు రేటింగ్ ఇవ్వండి అని.

31 సాయంత్రం నాన్న తెల్ల చొక్కాలోనే ఫొటో దిగారు.

సెప్టెంబర్ 1న బార్సిలోనా 10 నంబరు జెర్సీని అన్సు ఫాతికి ఇచ్చింది. ఆ మర్నాడు నేను ఫోన్ చేస్తే మీ ఇంకో అమ్మాయి చాలా ఉత్సాహంగా "మేడమ్, 10 నంబరుకి ఇప్పుడు కొత్త ప్లేయర్ వచ్చారు, ఆ పేరు ప్రింట్ చేసి పంపమంటారా?" అని అడిగింది. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. మోకాలి ఆపరేషన్లు దాటుకుని వస్తున్న 18 ఏళ్ల పిల్లాడు, బాగా ఆడాలనే కోరుకుంటున్నాను. కానీ నేను డబ్బు కట్టింది ఏ పేరుకి? పదిసార్లు చెప్పిన పేరది. ఆ అమ్మాయికి చెప్పీ చెప్పీ నా గొంతు వణికింది. "పోనీ మెస్సీ ఇప్పుడు ఆడుతున్న పారిస్ క్లబ్ జెర్సీ చూపించమంటారా, అందులో మెస్సీ పేరు వస్తుంది, నంబరు మాత్రం 30" అంది. నేను ఫోన్ పెట్టేశాను. ఈ మధ్యలో ఒకాయన, జెర్సీ మీ హస్బెండ్‌కా మేడమ్, ఒకసారి సార్‌తో మాట్లాడించండి అన్నారు. ఆర్డర్ నా పేరు మీద, డబ్బు నా జీతంలోంచి, పన్నెండేళ్లుగా రాత్రుళ్లు మేలుకుని మ్యాచ్‌లు చూసింది నేను. ఇంకెవరితో మాట్లాడతారు?

తర్వాత రిటర్న్ చేయమన్నారు. సరేనన్నాను. పికప్‌కి మూడు తేదీలు ఇచ్చారు. మొదటి రెండు రోజులూ ఎవరూ రాలేదు. రెండోది వినాయక చవితి రోజు. ఇంట్లో పూజ పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. మూడోసారి వచ్చిన కుర్రాడు జెర్సీ తిప్పి చూసి, ఫోన్ చూసి, మళ్లీ జెర్సీ చూసి, "మేడమ్, నా యాప్‌లో వెనక ప్రింట్ ఉండాలని ఉంది. ప్రింట్ లేకపోతే ఐటమ్ వేరే అని వస్తుంది, నేను తీసుకోలేను" అన్నాడు. ప్రింట్ లేదనే కదా బాబూ తిరిగి ఇస్తున్నాను అన్నాను. అతను మాత్రం ఏం చేస్తాడు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మీ ఆఫీసులో అందరికంటే మర్యాదగా మాట్లాడింది అతనే.

అదే రోజు ఫోన్ చేస్తే వచ్చిన సమాధానం ఇంకా దారుణం. పేరు ప్రింట్ చేయించుకున్న జెర్సీలు రిటర్న్ తీసుకోరట, అది మీ పాలసీ అట. ప్రింట్ చేయలేదు కాబట్టి మీ కుర్రాడు తీసుకోడు. ప్రింట్ చేయించుకున్నాను కాబట్టి మీ ఆఫీసు తీసుకోదు. మరి నేనెవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్నకి మా సీనియర్ 48 గంటల్లో కాల్ చేస్తారు అన్నారు. ఆ సీనియర్ కాల్ కోసం బతుకమ్మ ఆడేటప్పుడు కూడా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. దసరా వెళ్లింది. నాలుగు మెయిల్స్ పెట్టాను, నాలుగింటికీ ఒకే జవాబు, అక్షరం తేడా లేదు. మొన్న బార్సిలోనా కోచ్ కూమన్‌ని కూడా తీసేశారు. మీ సీనియర్ గారు ఇంకా ఫోన్ చేయలేదు.

2015 నుంచి మీ దగ్గరే కొంటున్నాను. బెర్లిన్‌లో యువెంటస్ మీద 3–1తో కప్పు గెలిచిన ఏడాది మొదటిది. 2017లో పారిస్ మీద 6–1 తర్వాత రెండోది, మా తమ్ముడికి. లిస్బన్‌లో బాయర్న్ చేతిలో 8–2తో చిత్తుగా ఓడిన నెలలో కూడా ఒకటి కొన్నాను. చాలామంది జెర్సీలు బీరువా అడుగుకి తోసేసిన రోజులవి. మా ఫ్రెండ్స్‌లో ఆరుగురికి మీ సైట్ పేరు చెప్పింది నేనే. టీమ్ ఓడినా వదలని మనుషులం, మీలాంటి కంపెనీలు బతికేది మా వల్లే. ఆ క్లబ్ మెస్సీని నిలుపుకోలేకపోవడానికి కోట్ల అప్పులున్నాయి, లీగ్ రూల్స్ ఉన్నాయి. నన్ను నిలుపుకోవడానికి మీకు ఏం అడ్డొచ్చింది? ఆగస్టు 6న నిజం చెబితే చాలు కదా. "మేడమ్, ప్రింట్ చేయలేం, ఏం చేయమంటారు" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే, హైదరాబాద్ వెళ్లి ఎవరి చేతనైనా ప్రింట్ చేయించుకునేదాన్ని. 31కి ఇంకా 25 రోజులుంది.

ఇప్పుడు నాకేం కావాలో చెబుతాను. జెర్సీ మీద మెస్సీ, 10 ప్రింట్ చేసి పంపండి. లేదా జెర్సీ వెనక్కి తీసుకుని మొత్తం రూ.4,995 ఇవ్వండి. రెండింటిలో ఏది చేసినా, మీరు స్వయంగా మా నాన్నకి ఫోన్ చేసి, మీ పేరు చెప్పి, జరిగింది ఒప్పుకోండి. డబ్బు కన్నా నాకు ముఖ్యం అదే. ఆ రోజు ఫొటో మళ్లీ దిగలేం, అది నాకూ తెలుసు.

వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, మీ ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు సైట్‌లో కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. మీరు మూడూ తప్పారు. నవంబర్ 15 లోగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఈ మొత్తానికి ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు, నా కేసు నేనే చెప్పుకుంటాను. ఆ చీటీ, మీ మెయిల్స్, నేను చేసిన ప్రతి కాల్ తేదీ, టైమ్ అన్నీ ఫైల్లో పెట్టాను. నాన్న 36 ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం పారేయని మనిషి. ఫైల్ కట్టింది ఆయనే.

జెర్సీ మీ కవర్లోనే మడతపెట్టి ఉంచాను. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్టయితే, వెనక ఖాళీగా ఉంటుందని అతనికి ముందే చెప్పి పంపండి.

ఇట్లు,
ఆరేళ్లుగా మీ కస్టమర్‌ని