క్రీడాధికారి గారికి బహిరంగ లేఖ

సార్, నమస్కారం. వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందు రాస్తున్నాను.

మా పాలమూరు పిల్లలు పైసల కోసం కబడ్డీ మొదలుపెట్టలేదు. ఎక్కువ రైడ్ పాయింట్లు తెచ్చినవాళ్లకే నగదు, బూట్లు అని ప్రకటించాక అందరికీ రైడింగే కావాలి, చేతులు కలిపి చైన్ పట్టి రైడర్‌ను ఆపేవాళ్లు లేరు, డిఫెన్స్‌లో చివరన, కార్నర్‌లో బాగా ఆడే ఒక అమ్మాయి తన ఆటకు విలువే లేదని గ్రౌండ్‌కు రావడమే మానేసింది, మాకు చాలా బాధగా ఉంది.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలోనూ అంతే: బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలకు తర్వాత బొమ్మలు వేయడం మీద ఇష్టం తగ్గింది, చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు.

బహుమతులు వద్దనడం లేదు. బూట్లు, బస్సు ఛార్జీలు, గుడ్లు గెలుపోటములతో పని లేకుండా ప్రతి ఒక్కరికీ ఇవ్వండి, నగదు మొత్తం జట్టుకివ్వండి. వచ్చే సెలెక్షన్ల లోపు రాతపూర్వకంగా జవాబు కావాలి సార్.