ఆ పాత ఆసుపత్రిలోకి వెళ్లిన పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి స్పోర్ట్స్ డే ఫొటోలు వెయ్యాలి, వాటిని వచ్చే నెలకి జరిపాను, ఎందుకంటే ఇది ఆగే విషయం కాదు. మన తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు ఆదివారం పూట, ఎప్పుడో మూతపడ్డ ఒక ప్రైవేటు మానసిక వైద్యశాల భవనంలోకి గోడ దూకి వెళ్లి, ఫోన్ లైట్ల వెలుగులో రీల్ తీసి పెట్టారు. ఆ ఇళ్లవాళ్లతో విడిగా మాట్లాడాను, పేర్లు ఇక్కడ రాయను.

పీఈటీ మాస్టారూ నేనూ వెళ్లి గేటు బయటి నుంచి చూశాం. విశాఖలో ఉప్పుగాలి స్లాబులోని ఇనుప ఊచల్ని తినేస్తుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది, పెచ్చులు ఊడిపడేది అందుకే. అక్కడ పోర్టికో కింద ఊచలు బయటికే కనిపిస్తున్నాయి. వెనకంతా తుప్పలు, పాములుంటాయి. తిడతారని పిల్లలు చెప్పకపోవచ్చు, కాళ్లూ చేతులూ ఒకసారి చూడండి, ఎక్కడైనా గీరుకుని ఉంటే టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగండి.

నాకు అంతకంటే బాధ కలిగించింది ఇంకోటి. నేల మీద పడున్న కేస్ షీట్ ఒకటి తీసి కెమెరా ముందు పెట్టారు. చెదలు తిన్న అంచులు, నీలం సిరా, పేషెంటు పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నం ముట్టడం లేదు, రాత్రంతా వీధుల్లో తిరుగుతున్నాడు అని ఇంట్లోవాళ్లు డాక్టర్‌కి చెప్పుకున్న మాటలు, అన్నీ చదివేలా ఉన్నాయి. ఆయన ఇవాళ బతికే ఉండొచ్చు, ఆయన మనవరాలు మన స్కూల్లోనే చదువుతుండొచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి వివరాలు గోప్యంగా ఉండడం రోగి హక్కు అంటుంది, ఆన్‌లైన్‌లో ఉన్నవాటికీ అదే వర్తిస్తుంది. పిల్లలకి ఇదంతా తెలియదు, చెప్పగానే తీసేశారు. కానీ వీడియో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. మీ ఫోన్‌లో ఉంటే దయచేసి డిలీట్ చెయ్యండి, ఎవరికీ పంపకండి.

ఇనుప మంచం ఉన్న గదికి దెయ్యం మ్యూజిక్ పెట్టి 'షాక్ రూమ్' అని రాశారు. కరెంటు షాక్ చికిత్స ఇప్పుడు మత్తు ఇచ్చే చేస్తారు, మత్తు లేకుండా చెయ్యడాన్నీ, రోగిని గొలుసులతో కట్టెయ్యడాన్నీ అదే చట్టం నిషేధించింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచిన చోట మంటలంటుకుంటే, గొలుసులు తెంచుకోలేక 28 మంది చనిపోయారు. పిల్లలకి ఆసక్తి ఉంటే ఇవి చెబుదాం, దాచాల్సిన పని లేదు. నా భయమల్లా ఒకటే, రేపు వాళ్లలోనే ఎవరికైనా నిద్రపట్టక, దేని మీదా మనసు నిలవక, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్దాం అంటే ఈ రీలే కళ్లముందు మెదిలి రామని మొండికేస్తారేమో అని. టెన్త్ వాళ్లకి పరీక్షల టెన్షన్ ఎలాగూ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే శనివారం లంచ్ తర్వాత ఒక సైకియాట్రిస్ట్ మన స్కూల్‌కి వస్తున్నారు, ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలతో మాట్లాడతారు. మీరూ రండి. అడగడానికి మొహమాటమైతే పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి ఆఫీస్ రూమ్ బయట పెట్టిన డబ్బాలో వెయ్యండి, శుక్రవారం సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

మీ
హెడ్‌మిస్ట్రెస్