మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం ఆపించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయవద్దని, పదిమందిలో అవమానించవద్దని, శక్తికి మించిన టార్గెట్లు పెట్టవద్దని అందులో స్పష్టంగా ఉంది. విద్యాసంస్థలన్నిటికీ, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లకు ఇది వర్తిస్తుంది. మన దగ్గర జరిగిన ఘోరం నుంచి వచ్చిన ఈ ఆదేశం మన ఊళ్లలోనే అమలు కావడం లేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. మా వీధిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివే ఒక అమ్మాయి అప్పుడప్పుడూ డౌట్లు అడగడానికి వస్తుంది. కాలేజీలో చేరిన కొన్నాళ్లకే ఒక టెస్ట్ పెట్టి, ఆ మార్కులతో సెక్షన్లు వేశారట. ఈ పిల్ల చివరి సెక్షన్‌లో పడింది. మొన్న ట్రిగనామెట్రీలో ఒక లెక్క ఇస్తే, రెండు లైన్లు వేసి ఆగిపోయి, నేను చూసేలోపు రబ్బరుతో చెరిపేసింది. ఆ రెండు లైన్లూ సరైనవే. ఎందుకు చెరిపావమ్మా అంటే, “మా సెక్షన్‌కి ఇలాంటివి చెప్పరు టీచర్. ఇంపార్టెంట్ క్వశ్చన్లు మాత్రమే ఇస్తారు. ఇవి పై బ్యాచ్ వాళ్లకి” అంది. ఆ తర్వాత, “నాకు లెక్కలు తలకెక్కవు కాబట్టే కదా అక్కడ వేశారు” అని కూడా అంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, కొత్తగా ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్ల రాసిన ఒకే ఒక్క పరీక్ష అది. దాన్నిబట్టి తన బుర్ర ఎంతటిదో తేల్చేశారని ఆ పిల్ల నమ్మేసింది.

తెలివితేటలకూ చదువుకూ సంబంధం లేదని నేను అనను. ఉంది, గట్టిగానే ఉంది. ఇంగ్లండ్‌లో 70,000 మందికి పైగా పిల్లలకు 11 ఏళ్లప్పుడు వచ్చిన తెలివితేటల పరీక్ష స్కోర్లను, 16 ఏళ్లకు వాళ్లు రాసిన పబ్లిక్ పరీక్షల ఫలితాలను పోల్చి 2007లో ఒక అధ్యయనం వెలువడింది. రెండింటికీ చాలా దగ్గరి సంబంధం కనిపించింది. అయితే ఆ స్కోరు పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయేది కాదు. 6 లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి ఐక్యూ సుమారు 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతుందని తేలింది. అంటే తెలివి చదువును పెంచుతుంది, చదువు తెలివినీ పెంచుతుంది. పెరిగే వయసులో ఉన్న పిల్లకు సగం సిలబస్ దాచిపెట్టి, తర్వాత ఆ పిల్ల వెనకబడిందని అనడం అన్యాయం.

అసలు 1905లో పారిస్‌లో మొదటి తెలివితేటల పరీక్ష తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ బినే ఉద్దేశమే వేరు. బడిలో ఇబ్బంది పడే పిల్లల్ని గుర్తించి, వాళ్లకు అదనంగా చెప్పించాలన్నది ఆయన పని. మనిషి తెలివి ఇంతే, పెంచలేం అని వాదించేవాళ్లను ఆయన 1909లోనే గట్టిగా ఖండించారు. మన దగ్గర స్క్రీనింగ్ టెస్ట్ తర్వాత వెనకబడ్డ పిల్లలకు అదనంగా దక్కేది ఏమిటి? నాకు తెలిసినంతలో మంచి లెక్చరర్లందరూ పై బ్యాచ్‌కి వెళ్తారు. కింది సెక్షన్‌కి మెటీరియల్, స్టడీ అవర్ మిగులుతాయి.

ఇక నమ్మకం సంగతి. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు 1998లో అచ్చయ్యాయి. టీచర్లందరూ తెలుసుకోదగినవి అవి. ముందు పిల్లలకు కొన్ని బొమ్మల లెక్కలు ఇచ్చి, బాగా చేశావని అందరికీ చెప్పారు. కొందరితో “నువ్వు తెలివైనదానివి” అన్నారు, కొందరితో “బాగా కష్టపడ్డావు” అన్నారు. తర్వాత కావాలనే చాలా కష్టమైన లెక్కలు ఇచ్చారు. వాటిలో అందరూ తడబడ్డారు. మూడోసారి మళ్లీ మొదటిలాంటి లెక్కలే ఇస్తే, కష్టపడ్డావని మెప్పు పొందిన పిల్లలు ముందుకంటే బాగా చేశారు. తెలివైనవాళ్లని మెప్పు పొందిన పిల్లలు తాము ముందు చేసినంత కూడా చేయలేకపోయారు. మీ మార్కులు వేరే బడి పిల్లలకు రాసి పంపండి అంటే, తెలివైనవాళ్లు అనిపించుకున్న ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు మార్కులు ఎక్కువ చేసి రాశారు. పొగిడినా సరే, తెలివి మీద ముద్ర వేస్తే తప్పు జరిగినప్పుడు పిల్లలు దాన్ని దాచుకోవాలనే చూస్తారు. నా ముందు ఆ అమ్మాయి రబ్బరు అందుకున్నదీ అందుకే. పై బ్యాచ్‌లో ఉన్న పిల్లలకూ దీనివల్ల మేలేమీ లేదు. ఎప్పుడు కింది బ్యాచ్‌కి దించేస్తారో అన్న టెన్షన్‌తో వాళ్లు నిద్రపోవడం మానేస్తున్నారు.

ఇది చదివి మోటివేషన్ క్లాస్ పెట్టిస్తే సరిపోతుందని కాలేజీలు అనుకోకూడదు. “తెలివి పెరుగుతుంది” అని పిల్లలకు చెప్పే కార్యక్రమాల వల్ల సగటున వచ్చే ప్రయోజనం చాలా చిన్నదని 2018లో మరో విశ్లేషణ చూపించింది. 2019లో అమెరికాలో 65 ప్రభుత్వ హైస్కూళ్లలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలకు గంటలోపు ముగిసే ఆన్‌లైన్ పాఠం ఇచ్చి చూసిన ఫలితాలు వచ్చాయి. తక్కువ మార్కుల పిల్లలకు గ్రేడు సగటు 4 పాయింట్ల కొలత మీద 0.1 పెరిగింది. గంట పనికి అది మంచి ఫలితమే, కానీ అంతే. పైగా చెప్పే టీచరు కూడా పిల్లల తెలివి పెరుగుతుందని నమ్మే తరగతుల్లోనే ఆ పాఠం లెక్కల మార్కుల్లో ఫలించిందని తర్వాత తెలిసింది. గోడ మీద “నువ్వు సాధించగలవు” అని రాసి, టైమ్‌టేబుల్‌లో “నీకు ఈ చాప్టర్ వద్దు” అంటే పిల్లలు టైమ్‌టేబుల్‌నే నమ్ముతారు.

మన దేశంలో ఈ ముద్రల బరువు ఇంకా ఎక్కువ. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముళ్లు ఇచ్చి కార్లా హాఫ్, ప్రియాంక పాండే పరిశోధన చేశారు. 2006లో ఫలితాలు ప్రచురించారు. కులం ఎవరికీ చెప్పనప్పుడు అణగారిన కులాల పిల్లలు అగ్రకులాల పిల్లలకు దీటుగా చేశారు. అందరి ముందు పేరుతో పాటు కులం చదివాక వాళ్ల ఫలితం పడిపోయింది. అదే పిల్లలు, అదే పని. పరీక్ష మొదలవక ముందే లోకం తమ గురించి ఏమనుకుంటోందో వాళ్లకు గుర్తు చేశారు, అంతే. నోటీసు బోర్డు మీద వారం వారం ర్యాంకు లిస్టు అంటిస్తే జరిగేది ఇలాంటిదే. నాకు తెలిసినంతలో ఆ లిస్టులో కింద ఉండేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు.

అందరినీ కలిపి కూర్చోబెడితే పాఠం చెప్పడం కష్టమని లెక్చరర్లు అంటారు. నిజమే, 60 మంది తరగతిలో ఆ కష్టం నాకూ తెలుసు. కెన్యాలో 121 ప్రాథమిక బడుల్లో చేసిన అధ్యయనంలో స్థాయిని బట్టి విడదీస్తే కింది పిల్లలకు కూడా మేలు జరిగిందని 2011లో చూపించారు. మన దేశంలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేస్తుంది. కానీ అక్కడ టీచరు ఆ పిల్లల స్థాయికి దిగి వచ్చి మొదటినుంచీ చెబుతారు. ప్రథమ్ పద్ధతిలో రోజులో కొంతసేపే విడదీస్తారు, నేర్చుకున్న పిల్లను వెంటనే పై గుంపుకి పంపుతారు. మన కాలేజీలు ఇలా చేస్తామంటే అభ్యంతరం పెట్టేవాళ్లలో నేను ఉండను.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులకు నా విజ్ఞప్తి ఇది. ఏ సెక్షన్‌కి ఏ లెక్చరర్ ఎన్ని గంటలు చెబుతున్నారో తనిఖీల్లో అడగండి. సెక్షన్‌ను బట్టి సిలబస్ తగ్గిస్తే గుర్తింపు మీద చర్య తీసుకోండి. ర్యాంకు లిస్టులు గోడల మీద, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నిషేధించండి. అదే తీర్పు కోచింగ్ సెంటర్లపై నిఘాకు జిల్లా స్థాయి కమిటీలు వేయమంది. మన జిల్లాల్లో ఆ కమిటీలు వేశారా, వాటికి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి అన్నది కలెక్టర్లు ప్రకటించాలి. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని ఇలా విడదీసి కించపరిచే స్కూళ్ల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఇప్పటికే నిషేధించింది.

మీ పత్రికకూ ఒక మనవి. ఫలితాల రోజుల్లో మొదటి పేజీ నిండా ర్యాంకర్ల ఫొటోల ప్రకటనలు వస్తాయి. అలాంటి ప్రకటన వేసే ముందు ఆ సంస్థలో మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు అన్న అంకెలు కూడా అందులో ఉండాలని మీరు షరతు పెట్టండి.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
నరసరావుపేట