మా మెసేజీల్లో మార్పు: ఎస్ఎంఎస్ ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు

మా కస్టమర్లకు నమస్కారం.

వచ్చే నెల నుంచి మీ ఆర్డర్ వివరాలు ఆర్‌సీఎస్‌లో (ఫోన్ మెసేజీల యాప్‌లోకే ఇంటర్నెట్ ద్వారా వచ్చే కొత్త రకం మెసేజీ) వస్తాయి. లాగిన్ కోడ్‌లు ఎస్ఎంఎస్‌లో పంపడం మానేస్తున్నాం. ‘ఇన్నేళ్లూ నడిచిందిగా, ఎస్ఎంఎస్ చాలదా?’ అని కొందరు అడుగుతున్నారు. చాలదు.

మొదటి ఎస్ఎంఎస్ వెళ్లింది 1992లో. ఒక్కో మెసేజీకి 140 బైట్లు అన్న కొలత ఇప్పటికీ మారలేదు. ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు, తెలుగైతే 70 పడతాయి. ఆ 70లోనూ గుణింతం, పొల్లు, వత్తు దేని లెక్క దానిదే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు చోట్లు తినేస్తుంది. 70 దాటితే మెసేజీ ముక్కలవుతుంది. ముక్కలను మళ్లీ అతికించే సమాచారానికి 6 బైట్లు పోగా ఒక్కోదాంట్లో 67 మిగులుతాయి. ఛార్జీ ముక్కకింత. ఒక ముక్క దారిలో ఆగిపోతే మీకు సగమే కనిపించవచ్చు, అసలేమీ కనిపించకపోవచ్చు. మా తెలుగు మెసేజీలు అంత పొడిపొడిగా ఉండటానికి కారణం ఇదే. 155 దాకా పట్టించే తెలుగు అక్షర పట్టిక ఎస్ఎంఎస్ ప్రమాణాల్లో ఉంది. కానీ గేట్‌వే (మా మెసేజీలను నెట్‌వర్క్‌కు చేర్చే సర్వీసు), నెట్‌వర్క్, ఫోన్ అన్నిటికీ అది తెలిసుండాలి, కాబట్టి దాన్ని నమ్ముకుని పంపలేం.

కోడ్‌ల సంగతి ఇంకా ముఖ్యం. ఎస్ఎంఎస్‌కు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవలేని రక్షణ) లేదు. మీ నంబరు మీద ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కోడ్ నేరుగా వాళ్ల చేతికే వెళ్తుంది. ఇకపై అథెంటికేటర్ యాప్ వాడండి: మా అకౌంట్ పేజీలోని క్యూఆర్ స్కాన్ చేస్తే 30 సెకన్లకోసారి 6 అంకెల కోడ్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది. కోడ్ తప్పని వస్తుంటే ముందు ఫోన్ గడియారం చూడండి. టైమ్ ఆటోమేటిక్‌లో ఉండాలి. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్ పోయిన రోజున అవే దిక్కు.

ఆర్‌సీఎస్‌లోనూ లోటు ఉంది. వ్యాపారాలు పంపే మెసేజీలకు అందులో కూడా పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉండదు, అందుకే కోడ్‌లు అక్కడా పంపం. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.1 లేదా ఆ తర్వాతిది కావాలి, మీ నెట్‌వర్క్ కూడా ఒప్పుకోవాలి. డేటా గానీ వైఫై గానీ లేకపోతే ఆర్‌సీఎస్ మెసేజీ అందదు. అరగంటలో అందకపోతే వెనక్కి తీసుకుని అదే వివరాన్ని చిన్న ఎస్ఎంఎస్‌గా పంపుతాం. ఎస్ఎంఎస్‌ను పూర్తిగా తీసేయనిది ఇందుకే. ఒక్కోసారి రెండూ రావచ్చు. ఆర్డర్ నంబరు ఒకటే అయితే ఆర్డరూ ఒకటే, రెండోది క్యాన్సిల్ చేయకండి.